ఓబుళేశు టికెట్టు

నాకు ముక్కు మీద కోపం. ఆత్మకూరులో మా ఇంటివాళ్ళు నా చిన్నప్పుడే ఆ సంగతి తేల్చేశారు. అలాంటి మనిషి హెల్ప్‌డెస్క్ ఉద్యోగంలో పదిహేనేళ్ళు ఎలా నెట్టుకొచ్చిందని ఎవరికైనా అనుమానం వస్తే నా జవాబు ఒకటే. ఫోనులో మొహం కనపడదు. కర్నూలు బి క్యాంపులో రెండు గదుల ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను. పొద్దున తొమ్మిదికి హెడ్‌సెట్ తగిలించుకుంటే సాయంత్రం ఆరు దాకా ఎవరో ఒకరి కంప్యూటర్ గోడు వింటూ ఉంటాను. మొహం చిట్లించుకుంటాను, నెత్తి కొట్టుకుంటాను, గొంతు మాత్రం మెత్తగా పెడతాను. ఆరు దాటాక ఆ ఇంట్లో మాట్లాడడానికి ఇంకో మనిషి లేదు, అది వేరే సంగతి.

ఈ పదిహేనేళ్ళలో కొన్ని వేల టికెట్లు మూశాను. టికెట్టు అంటే మా దగ్గర ఫిర్యాదు. ఎవరైనా ఫోన్ చేసి నా కంప్యూటర్ పని చేయడం లేదంటే దానికొక నంబరిచ్చి తెరుస్తాం, బాగయ్యాక మూసేస్తాం. ఎంత తొందరగా మూస్తే అంత గొప్ప. మూశాక ఆ మనిషి పేరు కూడా గుర్తుండదు, గుర్తుంచుకునే తీరికా ఉండదు. ఓబుళేశు పేరు ఒక్కటి మాత్రం నన్ను వదిలిపెట్టలేదు.

ఏప్రిల్ చివర ఒక మంగళవారం పొద్దున ఆయన ఫోన్ వచ్చింది. పాఠం అప్పజెప్పినట్టు ఇంగ్లీషులో తన పేరు, ఉద్యోగి నంబరు చెప్పి, కొత్త కంప్యూటర్లో వి.పి.ఎన్. కనెక్ట్ కావడం లేదన్నాడు. ఇంటి దగ్గర కూర్చుని పని చేసేవాళ్ళు కంపెనీ ఫైళ్ళలోకి వెళ్ళాలంటే ముందు ఆ వి.పి.ఎన్. అనే దారి తెరుచుకోవాలి. అది తెరుచుకోకపోతే ఎంత మంచి కంప్యూటరైనా బల్ల మీద బొమ్మే. తెర మీద ఏమి వస్తోందో చదవమన్నాను. ఆయన ఫోన్ పక్కన పెట్టి, నాకు వినపడదనుకున్నాడేమో, "ఈడ ఏందో ఎర్రగా వస్తాండాదే" అని తనలో తాను గొణుక్కున్నాడు.

నా చెవులు నిక్కపొడుచుకున్నాయి. రోజంతా బెంగళూరు, పుణె, చెన్నై గొంతులు వినే దాన్ని. ఇంగ్లీషు పక్కన పడేసి, "ఏమప్పా, ఏ ఊరు?" అన్నాను. అవతల ఒక నవ్వు. ఒంటిమిట్ట అన్నాడు. నాది కర్నూలని చెప్పగానే మేడం కాస్తా అక్కనైపోయాను.

టికెట్టు తెరిచాను, నంబరు రాసుకో అన్నాను. ఆయన రాసుకుని, టికెట్టు అంటే తనకు విమానం టికెట్టే గుర్తొస్తుందని అన్నాడు. భార్య శివజ్యోతి కువైట్‌లో ఒక ఇంట్లో పనిలో ఉందట. అక్కడి ముసలమ్మను చూసుకుంటుందట. వెళ్ళి నాలుగేళ్ళు, మధ్యలో ఒక్కసారి వచ్చిపోయింది. రెండేళ్ళకోసారి రాసుకునే ఒప్పందం మే నెలతో అయిపోతుంది. ఈసారి మళ్ళీ రాయకుండా వచ్చేద్దామని మొగుడూ పెళ్ళాలు అనుకున్నారు. అయితే ఆమె ఒక మాట అడిగిందట, ఇక్కడ నీ పని గట్టిగా నిలబడిందంటేనే వస్తానని. ఉంటావో పోతావో శుక్రవారం లోపల చెప్పమని అక్కడి ఇంటావిడ గడువు పెట్టింది.

ఇక్కడ ఇంకో గడువు. బెంగళూరులో మా ప్రాజెక్టు మేనేజరు భూపేష్ అని ఒకడున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు గాని అతనికి మనుషులు ఎక్సెల్ పట్టికలో గడులుగా కనపడతారు. ఓబుళేశుది కాంట్రాక్టు పని. కంప్యూటర్ సొంతంగా తెచ్చుకోవాలి, అది పాడైతే ఆ బాధ తనదే. శుక్రవారం సాయంత్రం ఆరులోగా కనెక్ట్ కాకపోతే ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తానని భూపేష్ మెయిలు పెట్టాడు. అంటే నేను ఆ దారి తెరిపిస్తే శివజ్యోతి వస్తుంది, లేకపోతే రాదు. ఇంత పెద్ద మాట ఓబుళేశు మామూలుగా, వర్షం పడుతుందో లేదో అన్నట్టు చెప్పాడు.

మా దగ్గర అడగాల్సిన ప్రశ్నల జాబితా ఒకటుంటుంది. పేరు సరిగ్గా కొట్టావా, పాస్‌వర్డ్‌లో పెద్దక్షరాలు చిన్నక్షరాలు చూసుకున్నావా, వైఫై వస్తోందా, తేదీ టైము సరిగ్గా ఉన్నాయా, యాంటీవైరస్ అడ్డం పడుతోందా, ఇలా. ఒక్కొక్కటి అడుగుతూ పోయాను. అన్నింటికీ ఉండాదక్కా, చూసినానక్కా అన్నాడు. టైము గురించి అడిగినప్పుడు, "సరిగ్గానే ఉండాది" అన్నాడు. నేను టిక్కు పెట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయాను.

చిక్కు ఎక్కడుందో ఆరోజే తెలిసింది. పేరూ పాస్‌వర్డూ కొట్టాక ఆరంకెల కోడ్ ఒకటి కొట్టాలి. ఆ కోడ్‌ను కంప్యూటర్లోనే ఒక చిన్న ప్రోగ్రాము అర నిమిషానికొకటి తయారు చేస్తుంది. ఓబుళేశు కోడ్ కొడతాడు, అవతలి సర్వరు తప్పు పొమ్మంటుంది. మళ్ళీ కొడతాడు, మళ్ళీ పొమ్మంటుంది. ఎందుకు పొమ్మంటోందో తెలియదు. నేను కళ్ళతో చూస్తే తెలిసేదేమో. కానీ ఆయన తెర నాకు కనపడాలంటే ముందు వి.పి.ఎన్. కనెక్ట్ కావాలి. ఫోటో తీయించుకుని చూద్దామంటే కంపెనీ తెర ఫోటో తీయడం మా వాళ్ళు నిషేధించారు. ఇలాంటి నిబంధనలు రాసినవాళ్ళను ఒక్కరోజు నా కుర్చీలో కూర్చోబెట్టాలి.

ఇక పీకడం, మళ్ళీ పెట్టడం. ప్రోగ్రాము తీసేసి మళ్ళీ వేసుకోవడానికి ప్రతిసారీ ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలు ఫోన్ పెట్టేయకూడదు. ఆ ఖాళీల్లోనే ఓబుళేశు బతుకంతా నాకు తెలిసింది. మంగళవారం మూడు ఇరవైలు, బుధవారం నాలుగు.

వాళ్ళ నాన్నకు రెండెకరాల అరటితోట. ఇంటర్ అయ్యాక ఓబుళేశు కడపలో ఏడురోడ్ల దగ్గర ఒక మందుల షాపులో చేరాడు. ఎనిమిదేళ్ళు చీటీలు చదివి మందులు తీసిచ్చాడు. కడపలో ఏ డాక్టరు చేతిరాతైనా ఆయనకు అచ్చులో ఉన్నట్టే కనపడుతుందట. ఒకసారి ఒక డాక్టరే తాను రాసింది తనకు అర్థం కాక షాపుకు ఫోన్ చేసి ఓబుళేశును అడిగాడట. ఇది చెప్పి చాలాసేపు నవ్వాడు. శివజ్యోతిని చేసుకున్నాడు. నాన్న పోతే తోట చూసుకోవడానికి ఊరికొచ్చాడు. వచ్చిన రెండేళ్ళకు బోర్లు ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాయి. గెలలు వేసిన చెట్లు నిలువునా మాడిపోతుంటే ఇద్దరూ గట్టు మీద కూర్చుని చూశారట. షాపులో అప్పటికే వేరే మనిషి కుదురుకున్నాడు. పిల్లల్లేరు. ఆ మాట ఒక్కసారే చెప్పాడు, నేను మళ్ళీ అడగలేదు.

కువైట్‌కు తానే వెళ్దామనుకున్నాడట ఓబుళేశు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటికొకరు వెళ్ళినవాళ్ళే, వింతేమీ కాదు. శివజ్యోతి ఒప్పుకోలేదు. "నువ్వు పోతే ఎండలో పని, నేను పోతే నీడన పని. నీకు ఎండ పడదు గదా" అని తేల్చేసి పాస్‌పోర్టుకు తానే ఫోటో దిగింది. ఎండ పడని మొగుణ్ణి ఇంట్లో కూర్చోబెట్టి ఎడారి దేశానికి పోయిన ఆడదాన్ని నేను చూడలేదు. అదే మాట ఆయనతో అంటే, "ఆమె అంతేనక్కా" అన్నాడు గర్వంగా.

ఆమె వెళ్ళాక రెండేళ్ళు కూలికి పోయాడు, కొన్నాళ్ళు గుడి దగ్గర టెంకాయల అంగట్లో కూర్చున్నాడు. ఆ తర్వాత మా కంపెనీకి ఆస్పత్రి కాగితాలు చదివి టైపు కొట్టేవాళ్ళు కావలసి వచ్చింది. బీమా కోసం వచ్చే చీటీలు, బిల్లులు, అన్నీ చేతిరాతలే. పరీక్ష పెడితే ఎం.ఏ.లు చదివినవాళ్ళు బోర్లా పడ్డారు. ఓబుళేశు ఒక్క తప్పు లేకుండా కొట్టాడు. అలా దొరికిన పని అది. పోయిన ఆదివారం కరెంటు ఎక్కువా తక్కువా అయి పాత కంప్యూటర్ మాడిపోయింది. సోమవారం కడపకు వెళ్ళి కొత్తది తెచ్చుకున్నాడు. మంగళవారం నా చేతికి చిక్కాడు.

ఆయనతో ఒక తంటా ఉండేది. పని అయిపోయినా ఫోన్ పెట్టేవాడు కాదు. ఇంకేమన్నా చేయల్లా అక్కా అంటాడు. ఏమీ లేదంటే భోంచేసినావా అక్కా అంటాడు. బయట రాములవారి కల్యాణానికి వేసిన పందిళ్ళు విప్పుతున్నారనీ, కర్రలు కిందపడే చప్పుడు వినపడుతోందా అనీ అడుగుతాడు. మొదటి రోజు నాకు ఒళ్ళు మండింది. అవతల లైన్లో ఇంకో పదిమంది కాచుకుని ఉంటారు నాకు. రెండో రోజు ఆయన అడగకముందే నేను చెప్పేశాను, జొన్నరొట్టె, గోంగూర అని. చెప్పాక తోచింది, నేనేం తిన్నానని నన్ను ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో. ఎన్నాళ్ళో లెక్క తేలలేదు. దిగులేసింది.

ఆయన తనంతట తాను ఫోన్ పెట్టేది ఒక్క వేళకే. సాయంత్రం నాలుగుంబావు అయిందంటే హడావిడి పడతాడు. నాలుగున్నరకు శివజ్యోతి ఫోన్ చేస్తుంది. ఆ ఇంట్లో ముసలమ్మ మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నాకే ఆమె చేతికి ఫోన్ ఇస్తారట, అదీ అరగంట. బుధవారం నేనింకా ఏదో చెబుతుంటే, "రెండు కావస్తాందక్కా, పెట్టేస్తా" అన్నాడు. ఇంకా రెండు నిమిషాలే ఉన్నాయని చెబుతున్నాడనుకున్నాను.

గురువారం నాకు ఓపిక అయిపోయింది. కోడ్ తయారుచేసే ప్రోగ్రామును అప్పటికి మూడుసార్లు కొత్తగా ఇప్పించాను. నెట్‌వర్కు వాళ్ళను అడిగితే మా వైపు అంతా బాగుంది, ఆ కంప్యూటరే సరైనది కాదేమో అన్నారు. భూపేష్ గంటకోసారి ఏమైందని మెసేజి. జాబితాలో ప్రశ్నలన్నింటికీ టిక్కులున్నాయి. మధ్యాహ్నం మూడింటికి ఎనిమిదోసారి ప్రోగ్రాము పీకి పెట్టించి, కోడ్ కొట్టమంటే, మళ్ళీ అదే ఎర్ర అక్షరాలు. ఆయన మెల్లిగా, ఇంకోసారి చేద్దామా అక్కా అన్నాడు. నాకు తిక్క రేగింది.

"నువ్వు ఎన్నిసార్లు చేసినా ఇది కాదప్పా. నీ కంప్యూటరే పనికిరానిది. వాపసిచ్చి వేరేది తెచ్చుకో. అంతవరకు భూపేష్ ఆగడు. నేనేం చేయలేను" అన్నాను.

అన్నీ నిజాలే అనుకుని అన్నాను. ఆయన సరే అక్కా అని ఫోన్ పెట్టేశాడు. మూడున్నర కూడా కాలేదు. ఇంకా గంటసేపు మాట్లాడగలిగిన మనిషి అలా పెట్టేసేసరికి నా కోపమంతా చల్లారిపోయింది. ఆ సాయంత్రం టీ పెట్టుకుని తాగలేదు. నోరు జారానని తెలుసు. రేపు పొద్దున ముందు ఆయనకే ఫోన్ చేయాలనుకున్నాను.

శుక్రవారం పొద్దున చేస్తే ఎత్తలేదు. పదింటికి చేశాను, పదకొండింటికి చేశాను. పన్నెండు దాటాక ఎత్తాడు. బస్సులో ఉన్నాడు. కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టుకుని కడప షాపుకు తీసుకెళ్ళాడట. వాళ్ళు వేసి చూసి అంతా బాగుందన్నారు, వాపసు తీసుకునేది లేదన్నారు. తిరిగి ఊరికి పోతున్నానని చెప్పాడు. గొంతులో కోపం లేదు. అదే నాకు కష్టంగా ఉంది. ఇంటికి పోయి తగిలించు, నేను ఫోన్ చేస్తానన్నాను.

రెండింటికి హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టి, నా సొంత సెల్‌ఫోను తీసుకున్నాను. నిబంధనలు గంగలో కలవనీ. ఓబుళేశూ, నీ తెర మొత్తం ఒక ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు, ఎవరికీ చెప్పకు అన్నాను. కొంచెం వంకరగా, ఫ్యాను రెక్కల నీడతో ఫోటో వచ్చింది. పేరు సరిగ్గా ఉంది. సర్వరు సరిగ్గా ఉంది. ఎర్ర అక్షరాలు నాకు తెలిసినవే. కింద కుడి పక్క మూలన చిన్న అంకెలు. పదకొండు ముప్పై నాలుగు. తలెత్తి నా గోడ గడియారం చూశాను. రెండు దాటి నాలుగు నిమిషాలు.

ఆ ఆరంకెల కోడ్ కంప్యూటర్ గడియారాన్ని బట్టి తయారవుతుంది. గడియారం ఒక్క రెండు నిమిషాలు తప్పినా సర్వరు దాన్ని ఒప్పుకోదు. ఇది నాకు పదిహేనేళ్ళుగా తెలుసు.

"ఏమప్పా, టైము సరిగ్గా ఉందని చెప్పావు గదా. రెండున్నర గంటలు వెనక ఉంది నీది" అని అరిచాను.

"సరిగ్గానే ఉండాది గదక్కా. ఆడ ఇప్పుడు పదకొండున్నర" అన్నాడు.

ఆడ అంటే కువైట్‌లో. ఆయన ఇంట్లో గోడ గడియారం, చేతి గడియారం, కంప్యూటర్, అన్నీ కువైట్ టైమేనట. ఆమె లేచే వేళకు తాను లేస్తాడు, ఆమె ముసలమ్మకు అన్నం పెట్టే వేళకు తానూ పొయ్యి దగ్గరికి పోతాడు. రెండు కావస్తోందని హడావిడి పడింది ఆ రెండు గంటల గురించి. నాలుగేళ్ళుగా ఆ మనిషి ఒంటిమిట్టలో కూర్చుని ఇంకో దేశపు పొద్దులో బతుకుతున్నాడు. పాత కంప్యూటర్లో ఊళ్ళో ఎవరో తెలిసినవాళ్ళు దేశం పేరు మార్చి పెట్టారు, అందుకని పైకి కువైట్ టైము చూపినా లోపలి లెక్క చెడలేదు. కొత్తదానిలో ఆ చోటు ఎక్కడుందో తెలియక, ఓబుళేశు తానే టైమును వెనక్కి తిప్పేశాడు. తిప్పింది సోమవారం. నేను టిక్కు పెట్టింది మంగళవారం.

ఎక్కడ నొక్కాలో చెప్పాను. టైము దానంతట అది సర్దుకుంది. కోడ్ కొట్టమన్నాను. ఆయన అంకెలు ఒక్కొక్కటే పైకి చదువుతూ కొట్టాడు. ఎర్ర అక్షరాలు రాలేదు. పచ్చది వచ్చిందక్కా అన్నాడు. అప్పటికి రెండుంబావు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆయన వెంటనే తనకు వచ్చి పడివున్న మొదటి చీటీ తెరిచి, ఇదేదో నరాల డాక్టరు రాతలా ఉందే అని చదవడం మొదలుపెట్టాడు. నాలుగు రోజులుగా నేను విన్న గొంతు కాదది.

కాసేపటికి ఆగి, కంప్యూటర్లో రెండుంబావు చూస్తుంటే ఏమో మాదిరి ఉందన్నాడు. నాకు నవ్వొచ్చింది. దేశం మార్చే చోటు ఎక్కడుందో చూపించి కువైట్ పెట్టించాను. లోపలి లెక్క లోపలే ఉంటుంది, పైకి నీ ఇష్టమైన టైము చూసుకో అన్నాను. పని మొదలైందని భూపేష్‌కు మెయిలు కొట్టాను. నాలుగున్నరకు ఆమెకు చెప్పు, రమ్మని చెప్పు అన్నాను. ఆయన ఔనక్కా, ఔనక్కా అంటూనే ఉన్నాడు.

ఆ మూడు గంటలు నాకు చాలా సంతోషంగా గడిచాయి. దాచుకోవడం ఎందుకు, శివజ్యోతి ఏ విమానంలో వస్తుందో, చెన్నైలో దిగుతుందో ఇంకెక్కడ దిగుతుందో అని కూడా ఆలోచించాను. మే నెల ఎండలో ఒంటిమిట్ట చూడ్డానికి ఎవరు పోతారు గాని, పోదామనుకున్నాను.

ఐదూ పదికి ఫోన్ మోగింది. హెల్ప్‌డెస్క్ నంబరుకు కాదు, నా సెల్‌ఫోనుకు. చెప్పావా అన్నాను. అవతల పందిళ్ళ కర్రల చప్పుడు వినపడింది.

"ఆమె సైను పెట్టేసిండాదక్కా. ఈ పొద్దున్నే" అన్నాడు.

గురువారం నాలుగున్నరకు ఫోన్ వచ్చినప్పుడు ఓబుళేశు ఆమెకు ఉన్నది ఉన్నట్టు చెప్పాడట. కంప్యూటర్ పనికిరానిదంట, ఇంక కాదని ఆఫీసులో అక్క చెప్పింది, పని పోయినట్టేనని. ఆమె సరేలే, దిగులు పడొద్దు అందట. ఈ రోజు అక్కడ పది గంటలకు, ఇంటి పెద్దాయన నమాజుకు బయలుదేరకముందు, కొత్త ఒప్పందం కాగితం తెచ్చి పెడితే సంతకం చేసింది. మన టైములో పన్నెండున్నర. అప్పుడు ఓబుళేశు కంప్యూటర్‌ను ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఉన్నాడు. నేను ఫోటో అడిగింది రెండింటికి.

వెనక్కి తీసుకోవడానికి వీల్లేదా అని అడిగాను. కాగితం అప్పుడే ఏజెంటు దగ్గరికి పోయిందట, పాస్‌పోర్టు కూడా వాళ్ళ దగ్గరే. ఇంకో రెండేళ్ళు.

అక్కడితో నేను ఫోన్ పెట్టేసి ఉండొచ్చు. ఆయనకు టికెట్లు, టిక్కులు, జాబితాలు తెలియవు. ఎవరి తప్పో ఆయనకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఎందుకో ఆ మనిషి దగ్గర దాచాలనిపించలేదు.

"తప్పు నాది ఓబుళేశూ. టైము ఎంతయిందని మంగళవారమే నిన్ను అడిగి ఉంటే ఆ రోజే అయిపోయేది. సరిగ్గా ఉందా అని మాత్రం అడిగి వదిలేశాను. నిన్న కాదని తెగేసి చెప్పింది కూడా నేనే" అన్నాను.

ఆయన ఒప్పుకోలేదు. గడియారం తిప్పింది తాను గదా అన్నాడు. తప్పు నాదంటే నాదని కాసేపు ఇద్దరం వాదించుకున్నాం. వాదనలో నాకు ఏడుపొచ్చింది. ఆయనకు వినపడే ఉంటుంది, ఊరుకో అక్కా అన్నాడు. ఓదార్చాల్సింది నేను, ఓదారుస్తోంది ఆయన.

"ఒగటి అడగల్ల నిన్ను" అన్నాడు చివరికి. "కనెక్ట్ అయిందని ఆమెకు ఇంగా చెప్పలేదు. సైను పెట్టినా అని ఆమే ముందు చెప్పేసె, నాకు నోరు రాల్యా. ఈ పొద్దే అయిందని తెలిస్తే ఆమె ఉండలేదక్కా. రెండు గంటలు ఆగింటే పోయిందే అని రెండేండ్లూ తల కొట్టుకుంటాది. పది దినాలు పోనిచ్చి, అప్పుడు అయిందని చెప్దామా?"

అందరికీ ఏం చేయాలో చెప్పి బతికే దాన్ని. ఆయనతో మాత్రం నీకు ఏది మంచిదనిపిస్తే అదే చెయ్యి అన్నాను. ఆయన పది రోజులకే నిశ్చయించుకున్నాడు.

ఆ పది రోజులూ నాలుగున్నరకు ఆమె ఫోన్ చేసేది. పనేమైందని అడిగేది. కొత్త కంప్యూటర్ ముందు కూర్చుని, చీటీలు చదువుతూ, గడువు పెంచినారు గాని ఇంకా కాలేదని ఆయన చెప్పేవాడు. చెప్పి ఐదింటికి నాకు ఫోన్ చేసేవాడు. ఈ రోజు కూడా అబద్ధం చెప్పినా అక్కా అనేవాడు. ఆ తర్వాత ఏం వండుకున్నాడో చెప్పేవాడు, నేనేం వండుకున్నానో అడిగేవాడు. టికెట్టు నేను మూయలేదు. అయిపోయిన పనికి టికెట్టు ఎందుకు తెరిచి ఉందని భూపేష్ మూడుసార్లు అడిగాడు. ఇంకా చూస్తున్నానని జవాబిచ్చాను. మా రికార్డులో ఆ టికెట్టు తెరిచి ఉన్నా, మూసి ఉన్నా కువైట్‌లో ఉన్న మనిషికి తెలిసే దారి లేదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా చేయి రాలేదు.

పదకొండో రోజు ఐదింటికి ఫోన్ వచ్చింది.

"చెప్పేసినా అక్కా. ఈ దినమే అయిందని చెప్పినా" అన్నాడు.

ఆయన ఇంకా మాట్లాడుతుండగానే నేను టికెట్టు తెర మీదికి తెచ్చి, కారణం అని రాసి ఉన్న చోట హెల్ప్‌డెస్క్‌లో సరిగ్గా అడగలేదని రాసి, మూసేశాను. ఏమందప్పా అని అడిగాను.

"శానా సంతోషపడింది. నేను సైను పెట్టింది ఎంత మంచిపనాయె చూడు, నీ పని నమ్ముకోని వచ్చేసింటే ఈ పది దినాలు ఇద్దరమూ ఏమైపోయింటిమో అనింది" అన్నాడు.

ఆమె సంతోషపడిందన్న మాట ఓబుళేశు కూడా సంతోషంగానే చెప్పాడు. మంచిదప్పా అన్నాను. మాటల్లోనే ఆరైంది, హెడ్‌సెట్ తీసేయాలి. ఆయన ఫోన్ పెట్టలేదు, నేనూ పెట్టలేదు.